మూడుంబావు

దస్తగిరి సీపీయూ డబ్బా పక్కరేకు ఊడదీసి
నోటితో దుమ్మూది
రెండో ర్యాము గుచ్చినాడు. టక్కుమనింది.
రెండూ రెండూ నాలుగు జీబీ.
ప్రొద్దుటూరు నించి బస్సులో, జేబురుమాల్లో చుట్టి తెచ్చినాడు.
పదకొండు నూర్లు. సగం ఇచ్చినా, సగం బాకీ.

తెర వెలిగినాక చూస్తే
ఉన్నది నాలుగు, వాడుకోదగ్గది మూడుంబావు
అని రాసి ఉంది.

"యాడ పోయిందబ్బా ముక్కాలు?"

"యాడికీ పోలేదన్నా, ఆడ్నే ఉంది.
నీ సిస్టం పాతది, ముప్పైరెండు బిట్లది.
దానికి నాలుగొందల ఇరవైతొమ్మిది కోట్ల దాకే లెక్కొచ్చు.
గడికొక డోరు నెంబరు. అంతకు మించి నెంబర్లు లేవు.
వాటిల్లో పై నెంబర్లు ముందే
తెర కార్డుకూ సౌండుకూ రాసిచ్చేసినారు.
ఇంక మిగిలిన గదులు ఉంటాయి గానీ
వాటిని పిలిచేవాడే ఉండడు."

"మారిస్తే?"

"అరవైనాలుగు ఎక్కిస్తా, అంతా కనపడతాది.
నీ తెలుగు టైపింగు మాత్రం పోతాది.
ఆ ప్రింటరూ పలకదు."

పద్నాలుగేండ్లుగా నా వేళ్లకు తెలిసిన అక్షరాలవి.
వద్దులే అన్నా.
మూడు స్క్రూలు బిగించి
నాలుగోది కనపడక, ఎతికి, ఎతికి, పోయినాడు.

జమ్మలమడుగు ఆర్డీవో ఆఫీసు ఎదురుగా నా జిరాక్సంగడి.
మధ్యాన్నం. తారు చెప్పులకు అంటుకునే ఎండ.
చౌడమ్మ వచ్చింది
చంకన ప్లాస్టిక్ కవరు, కవర్లో ఇంకో కవరు,
దాంట్లో కాగితాలు.
వాళ్లూరు ఇప్పుడు కట్ట వెనక నీళ్లకింద ఉంది.

"ఇంటికిచ్చినారు నాయనా. మగ్గం కొట్టానికి ఇయ్యలే."

జాబితా చూసినా. డోరు నెంబరు 2-31.
గదులు మూడు. వసారా ఒకటి, చిన్నది.
కొట్టం ముందర నెంబరు పలక లేదంట.
కొలిచేకొచ్చినాయన లోపలికి తొంగిచూసి
గుంత అని రాసుకున్నాడంట.

గుంతే మరి.
ఆ గుంతలో కాళ్లు పెట్టి వాళ్లత్త నేసింది,
మొగుడు నేసినాడు, ఈమె నేసింది.
నేను ఒకసారి డబ్బా వైపు చూసి
మళ్లా కీబోర్డు మీదికి వంగినా.

అర్జీ మూడో పేరా కాడ కరెంటు పోయింది.
యూపీయెస్ రెండు కూతలు కూసి ఊరుకుంది.
సేవ్ కొట్టలేదు.
నాలుగైతేనేం మూడుంబావైతేనేం,
కరెంటు పోతే దానికి తన పేరు కూడా గుర్తుండదు.

"పోయిందా?"

"పోయిందక్కా."

"అంత ఇనపడబ్బాకు గ్యాపకం ఇంతేనా?"

ముక్కాలు సంగతి చెప్పినా, దస్తగిరి చెప్పినట్టే.
చీర కొంగుతో మెడ తుడుచుకుంటా ఇనింది.
"పేరు పెట్టి పిల్చినా పలకదా అది?" అనింది.
నా కాడ జవాబు లేదు.
పక్కంగడి నించి రెండు టీలు తెప్పించినా.

కరెంటొచ్చింది. మళ్లా మొదట్నించీ.
ఈసారి ఆమె కాగితాలు చూడలేదు.
మొదటిసారి చెప్పనిది చెప్పింది:
నీళ్లొచ్చే రోజు మగ్గం మీద వంకాయరంగు పడుగు ఉందంట.
మూడు మూరలు నేసిందంట.
నేసినంత వరకూ కత్తెరతో కోసుకొని
మిగిలిన నూలు అట్లే వదిలేసి వచ్చిందంట.

"ఇది కూడా రాయాల్నా అక్కా? దీనికి గడి లేదు."

"రాయి."

రాసినా. లైనుకొకసారి సేవ్ కొట్టినా.

డోరు నెంబరు అన్న కాడ కర్సరు కొట్టుకుంటా నిలబడింది.
కొంచేపు నేనూ నిలబడినా.

2-31/ఏ.

"ఏం పెట్టినావు నాయనా?"

"కొట్టం నెంబరు."

ఆ నెంబరు ఏ పంచాయతీ ఇయ్యలేదు.

ప్రింటరు కాగితాన్ని గింజుకుంటా లాగింది.
స్క్రూ లేని మూల
రేకు సన్నగా అదురుతానే ఉంది.