చేవ

ఉలి పట్టుకుంటే చాలు, పొట్టు రాలేది.
ఒళ్ళో పడింది మానుదా, నాదా
మునిలక్ష్మికి తెలిసేది కాదు.
సందకాడ అంతా కలిపి ఊడ్చేసేది,
ఏనాడూ వేరుచేసి అడగలేదు.

పద్నాలుగేండ్లు.
మోచేతులకాడ మొదలై, తల్లోకి పోయి, నడుముకొచ్చి
ఆనక కుడిచేతి నడిమేలు
ఉబ్బి వంకాయ మాదిరైంది.
పొద్దున లేస్తే పిడికిలి మూసుకోదు.
వేన్నీళ్ళలో చానాసేపు నానబెడితే గానీ
సుత్తికి నేనెవురో గుర్తురాను.

మాధవమాలలో అందురూ అందురికీ బంధువులే,
అంటు కాదని అందురికీ తెలుసు.
తెలిసే, అంగడి గుణశేఖరు
నాకు మాత్రం పేపరు కప్పులో పోస్తాడు టీ.
తిరపతి బస్టాండు సందులో ఒకామె
నా చెయ్యి చూసి, చేతిలో బొమ్మ చూసి
"ఇంకోటి చూపించండి" అనింది.
ఆ స్వామి బుగ్గకు
ఎనిమిది తూర్లు ఉప్పుకాగితం రుద్దినాను నేను.

రుయాకు పోయింది పూతమందు కోసం.
చర్మం డాక్టరమ్మ వేలు వంచి చూసింది.
గోళ్ళమీద సూదితో పొడిచినట్టుండే గుంటలు లెక్కపెట్టింది.
మందు రాస్తా రాస్తా అడిగింది:
"మెట్లెక్కితే ఆయాసమొస్తుందా?"
యాభైమూడేండ్లమ్మా, రాదా?
"బీడీ?"
పొట్టుకాడ నిప్పు పెట్టగూడదని
బయటికి పోయే తాగతాను.
ఆమె నగలేదు.
ఇంకో చీటీ తీసింది. గుండె గది, మూడో అంతస్తు.

తోలు చూపించుకుందామని వస్తే
గుండె దాకా పోతారేందమ్మా?

పెన్ను పక్కన పెట్టింది.
"ఈ వాపు తోలుకాడ ఆగేది కాదయ్యా.
కీళ్ళలో చూసినావు గదా, రక్తనాళాల్లోకి గూడా పోతుంది.
అందురికీ పోతుందని కాదు,
నీబోటోళ్ళకు ముప్పు కొంచెం జాస్తి.
బీపీ, షుగరు, కొవ్వు, అన్నీ చూడాల.
బీడీ మానాల. ఉప్పు తగ్గించాల."
ఉప్పుకాగితం గూడానా అని అడగబోయి ఊరుకున్నాను.

నాకు అర్థమైంది ఆమె మాటల్లో కాదు,
నాకు ముందే తెలిసినదాంట్లో.
దుంగమీద సన్నంగా మట్టిగీత కనపడితే
మా నాయన ఆ గీత తుడిచేవాడు కాదు.
చెవి ఆనించి, వేలి మెటికతో తట్టి
లోపల చేవ పలుకుతుందా అని వినేవాడు.
చెద బెరడుకాడ కాపురం పెట్టదు.
నేనేమో పద్నాలుగేండ్లుగా
గీత తుడుస్తా కూర్చున్నాను.

ఆ మాటే చెప్తే డాక్టరమ్మ
"ఆ, అదే" అని
చీటీ వెనక ఏదో రాసుకునింది.

లిఫ్టు పనిచెయ్యడంలేదు.
మెట్లమీద రెండు తూర్లు నిలబడినాను.
ఎప్పుడూ నిలబడేదే.
ఈ తూరి ఎందుకో తెలిసి నిలబడినాను.

గదిలో పిల్లోడు కొత్తోడు.
చొక్కా విప్పగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.
జెల్లు పూసినా పొలుసుమీద బిళ్ళ నిలబడలేదు.
"అంటదు నాయనా" అన్నాను.
రెండర్థాలూ అందినట్టుంది వాడికి.
నవ్వినాడు. మిషను ఆగేదాకా
ఆ బిళ్ళను తన వేలితోనే అదిమి పట్టుకున్నాడు.

కాగితం వచ్చింది. పొడుగునా రంపం పళ్ళు.
చదవను రాదు గానీ రంపం తెలుసు నాకు,
ఏ పన్ను వంగిందో తడిమితే చెప్పేస్తాను.
తడిమినాను.
కాగితం నున్నగా ఉంది.
"పెద్ద డాక్టరు చెప్తాడు, బయట కూర్చో."

కూర్చున్నాను. కుర్చీలో నా పొట్టు.
అలవాటుగా చేత్తో ఊడ్వబోయి, ఆగి,
ఉబ్బిన ఆ వేలితోనే రొమ్ముమీద తట్టినాను.
విన్నాను.
లోపల ఎవురో పన్లో ఉన్నారు,
సుత్తి దించలేదు ఇంకా.

"వీరభద్రాచారి!" అని పిలిచినారు.
నా పేరు వీరబ్రహ్మం.
అయినా లేచినాను.