తట్టి వినడం

లాంగ్టన్‌లో మా కార్ఖానా.
వెలుతురు సరిగా రాని చివరి గదిలో
కాలిన కప్పుల్ని ఒక్కొక్కటే వేలిగోటితో తట్టి వినడం
బెరిల్ పని. తర్వాత నా పని కూడా.

మంచి కప్పు ఖంగుమంటుంది.
పగులు దాచుకున్నది దగ్గుతుంది.
ఇందులో నేర్చుకోవడానికేముందని మొదటివారం నవ్వాను.
రేపల్లె సంతలో మా మేనత్త
కుండ చెవి దగ్గర పెట్టుకుని బేరమాడటం చూసినదాన్నే.

మూడేళ్ళకి చెవి కుదిరింది.
ఏడేళ్ళకి నా పేరు బోర్డుకెక్కింది.
తొమ్మిదో ఏట, ఏ రోజో గుర్తులేదు,
తట్టడం మానేశాను.
చూస్తే చాలు, తెలిసిపోయేది.
తెలిసిపోతోందని అనుకోవడం కూడా
అచ్చం తెలిసినట్టే ఉండేది.

"వేళ్ళకి సెలవిచ్చావా, బాతుపిల్లా?" అంది బెరిల్.
ఈ ఊళ్ళో ముద్దుగా పిలిస్తే అందరూ బాతులే.
ముప్ఫై ఎనిమిదేళ్ళ చేయి తనది,
ఇంకా ప్రతి కప్పుకీ తల వంచుతుంది.
"నీ మీద నీకే నమ్మకం లేదేమో" అన్నాను
టీలో బిస్కెట్ ముంచుకుంటూ.
మాట్లాడలేదు. ఇంకోటి తట్టింది.

నవంబరులో అబెర్డీన్ నుంచి పెట్టె తిరిగొచ్చింది.
ఇరవై నాలుగింట్లో పదకొండు,
వేడి తగలగానే వెంట్రుకంత గీత మీద విడిపోయాయట.
అన్నిటి అడుగునా నా అంకె, పదిహేడు.
ఎవరూ తిట్టలేదు.
తిడితే కాస్త తిరగబడేదాన్ని.

బస్సులో ఇంటికెళ్తుంటే
నిండు కుండ తొణకదన్న మాట గుర్తొచ్చింది.
ఎండిన కుండా తొణకదు.
పక్కపక్కన పెడితే రెండూ ఒకేలా
బుద్ధిగా కూర్చుంటాయి.

మర్నాడు భయంతో తట్టాను.
భయపడ్డ చెవికి ప్రతి కప్పూ దగ్గింది.
మధ్యాహ్నానికి నలభై కప్పులు పనికిరావని పక్కన పెట్టేశాను.
బెరిల్ తన కుర్చీ ఈడ్చుకొచ్చింది,
ఆ నలభైలోంచి ఒకటి తీసి తట్టింది.
"ఇది?"
"మంచిదే."
"ఇది?"
"మంచిది."
కిటికీ బయట లారీ వెనక్కి వస్తూ కూస్తోంది.
లోపలెవరో రేడియో తగ్గించారు.
"మరి ఇది?"

నోటిదాకా వచ్చిన మాట ఆపాను.
"ఇంకోసారి వినాలి" అన్నాను.

కప్పు నా చేతిలో పెట్టి
బెరిల్ తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.