పొగ లెక్క

మెట్టుగూడ బంకు పక్కన
ఒక పాత ఓమ్ని వ్యాను నిలబడి ఉంటది.
దాని టైర్లల్ల గాలి పోయి ఎన్నేండ్లయిందో,
అందరి పొగ చూసేది మాత్రం అదే.
దాని పొగ ఎవలు చూస్తరని ఎవలూ అడగరు.

నా ట్రాలీ రెండువేల ఆరు మోడలు.
నంబరు ప్లేటు మీద ఇంకా ఏపీ అనే ఉంది;
రాష్ట్రం మారిన సంగతి
దానికి నేను చెప్పలె.
బోయిన్‌పల్లి నుంచి మోండా దాకా
టమాటలు, తోటకూర, ఎండకాలమైతే మామిడికాయ,
దాని వీపు మీంచి ఊరు ఎంత తిన్నదో
రాసిపెట్టుకోలె.
ఎడమ డోరు తాడుతోటి కడతా.
హారను కొడితే వైపరు ఊగుతది.
ఇవన్ని నాకు తెలుసు.
పొగ సంగతే తెల్వదు.
నేను ముందర కూసుంటా, అది ఎనక పోతది.

అజ్మత్, ఇప్పుడిప్పుడే గడ్డమొస్తున్న పిలగాడు,
లాప్‌టాపు ఒళ్లె పెట్టుకొని
సైలెన్సర్ల గొట్టం పెట్టకముందే చెప్పిండు:
"చాచా, ఇది పాసయ్యే బండి గాదు.
ఇంకో మూడొందలియ్యి.
నీ నంబరు ఫోటో తీస్తా,
గొట్టం ఆ కొత్త కారుకు పెడతా.
పది నిమిషాలల్ల కాయితం నీ చేతిల."

అబద్ధమెందుకు, ఇదివరకు ఇచ్చిన.
ఆర్నెల్లకోసారి ఇచ్చుకుంటనే ఒచ్చిన.
ఎవలిదో కడిగిన కారు ఊపిరి
నా బండి పేరు మీద మడిచి
సీటు కింద పెట్టుకున్న.

"వద్దు బిడ్డా" అన్న ఈపారి.
"కాయితం గాదు, సంగతి గావాలె."

పొద్దుగాల్నే తాగొచ్చిండా ఏంది
అన్నట్టు చూసిండు.

రాజమణి కిటికి గురించి
ఆ పిలగానికి ఎట్ల చెప్పాలె?
వారాసిగూడ గల్లీల మా ఇండ్లు ఎదురుబొదురు.
తెల్లారగట్ల మూడింటికి నేను సెల్ఫు కొడతా.
ఒకసారి దగ్గుతది, ఇంకోసారి దగ్గుతది,
మూడోసారికి అందుకుంటది.
అందుకోంగనే, పైన, కిటికి రెక్క
టప్పుమని పడుతది.
పదకొండేండ్లు.
తిట్టలె, కొట్లాటకు రాలె,
బోనాలకు బెల్లమన్నం గిన్నెల పెట్టి పంపుతది.
కిటికి మాత్రం ఒక్కనాడు మరువలె.
మొన్న ఎండలకు కరెంటు పోయిన రాత్రి,
గల్లీల అందరి తలుపులు బార్లా తెరిసి ఉన్న రాత్రి గూడ
టప్పు.
ఆ చప్పుడు నాతోటి బండెక్కి
బోయిన్‌పల్లి దాకా ఒచ్చింది.

"రేజ్ చెయ్" అన్నడు అజ్మత్.
చేసిన.
"మళ్ల. పూరా తొక్కు చాచా."
తొక్కిన.
పక్క అద్దంల చూసిన:
స్కూటీ మీది ఆడమనిషి
చున్నీ తీసి పిల్ల ముఖానికి చుట్టింది,
పెట్రోలు కొట్టే పిలగాడు టోపి అడ్డం పెట్టుకున్నడు.
నాలుగుసార్లు. అయిదుసార్లు.
మిషిని గిర్రుమని ఆగింది.

"అరవై అయిదు దాటొద్దు.
నీది ఎనభై రెండు."

బడికి పోయినన్ని దినాలు
ఏ లెక్కల పరీక్షల నాకు అన్ని రాలె.
నవ్వొచ్చింది.
నవ్వుతుంటే దగ్గొచ్చింది.

జోసఫు షెడ్డుల ఇంజెక్టర్లు ఇప్పి
పాత లుంగి మీద పరిసిండు.
"నాజిళ్లు పోయినయి, పంపు గూడ చూడాలె.
పన్నెండు వేలు, అటో ఇటో.
ఎన్నడో ఒకనాడు తుక్కుకే గదనే దీన్ని?"
"ఎన్నడో ఒకనాటి ముచ్చట వద్దు," అన్న,
"రేపు మూడింటి ముచ్చట చెప్పు."
రేపటికి ఆయన తాన ఏం లేదు.
నా తాన పైసలు లేవు.
ఇప్పినయి మళ్ల బిగించిండు.

తెల్లారి మూడింటికి
క్లీనరు భిక్షపతిని లేపి ఎనక నిలబెట్టిన.
గేరు న్యూట్రల్ల పెట్టి హాండుబ్రేకు ఇడిసిన.
మా గల్లీ దిగుడు గల్లీ, అదొక పుణ్యం.
ఇంజను లేని స్టీరింగు
బావిల గిరక లెక్క బరువున్నది.
బండి కదిలింది, చప్పుడు లేదు,
దాని కిందికెల్లి ఒక కుక్క లేసి
ఆవలించి, పక్కకు జరిగి, మళ్ల పండుకుంది.
రోడ్డు మీదికి ఒచ్చినంక
రైల్వే గోడ పక్కన సెల్ఫు కొట్టిన.
దగ్గింది. దగ్గింది. అందుకుంది.
అలవాటు కొద్ది చెవి పెట్టిన.

ఏం రాలె.

భిక్షపతి ఎక్కి కూసుంటా అడిగిండు:
"అన్నా, ఇప్పుడీ పొగ ఎవలింటికి పోతది?"

గోడ అవుతల, క్వార్టర్లల్ల,
ఒక లైటు ఎలిగింది.