చీలమండ

మక్తల్ రోడ్డు మీద డీసీఎం బండి
కంచుగాని ఎడమ వెనుకకాలును ఈడ్చింది.
ఎముక ఇరగలే.
పాదం మాత్రం పక్కకు ఒరిగి
బందు ఊడిన తలుపు లెక్క ఊగుతున్నది.

"ఇంకో కుక్కను తెచ్చుకో" అన్నరు తోటి కాపర్లు.
నేను ఒక పొట్టేలును అమ్మిన.
పొట్టేలు ధర, కుక్క చీలమండ ధర
ఒక్కటే అయిందని ఇప్పటికీ నవ్వుతరు.

పాలమూరు పశువుల దవాఖానల
తబస్సుమ్ డాక్టరమ్మ ఎక్స్‌రేను కిటికీకి పట్టి చూపింది:
"ఎముకను ఎముకకు కట్టే పట్టీ తెగింది, పెద్దాయనా.
బయటి దిక్కుది ఉన్నది. లోపలి దిక్కుది మొత్తం పోయింది.
అతకదు. కొత్తది అల్లాలె."

అల్లకమంటే మా ఇంటి పనే కదా, నిలబడి చూసిన.
చెన్నకేశులు కాలు పట్టుకున్నడు.
బొచ్చు గొరిగితే ఇంత సన్నగుంటదా కుక్కకాలు,
ఎన్నో గొర్లను కోసిన నాకే తెలువకపాయె.
ఎముకల రెండు బెజ్జాలు, రెండు మరమేకులు,
వాటి నడుమ ఎనిమిదంకె తీర్గ
కృష్ణల పెద్ద చేపకేసే గాలం దారమంత నైలాను.
మడమను వంచి, చాపి, మల్ల వంచి
"ఇగ బిగించు" అని తనకు తానే చెప్పుకున్నది.
ఎక్కువ బిగిస్తే కీలు వంగదంట,
తక్కువైతే మల్ల ఒరుగుతదంట.
ఆ నడిమి మోతాదు ఏ పుస్తకంల రాసుంటదో.

ఇంటికొచ్చినంక బీరమ్మ ఒక్కటే అడిగింది:
"ఎన్ని ముడులేసింది?"
లెక్కపెట్టలే.
"గొంగడి నేసే ఇంట్ల పుట్టి..." అనుకుంట
కట్టును వేలితోని కొట్టి చూసింది.
చింతగింజల గంజి పెట్టిన గొంగడి లెక్క
టక్కుమన్నది.

ఆరు వారాలు.
పెయింటు బకెట్ అడుగు కోసి మెడకు తొడిగినం.
పొద్దుగాల మంద కదిలే యాళ్లకు
వాని మొరుగుడు బాయిల నుంచి వచ్చినట్టు వచ్చేది.
గొర్లు ఆగి చూసేటివి.
నేను అదిలిస్తే కదిలేటివి కావు.

కట్టు ఇప్పినంక గూడ మూడుకాళ్ల మీదనే నడిచిండు.
బాగైన కాలును నమ్మలే.
డాక్టరమ్మ "మెల్లగ" అన్నది.
ఇంకో నెలకు గూడ "మెల్లగ"నే అన్నది.

నిన్న పల్లికాయ చేన్ల పడ్డ గొర్రెపిల్ల వెనుక
నాలుగుకాళ్లతోని ఉరికిండు.
మర్లొచ్చి, యాదికొచ్చినట్టు,
ఎడమకాలు ఎత్తిపట్టి నిలబడ్డడు.

బీరమ్మ మగ్గం కాడికెల్లి లేసొచ్చి
వాని పక్కన గొంతుక కూసొని
మచ్చ మీద వేళ్లు పెట్టి
తోలు కింద ముడులు లెక్కపెడుతున్నది.