కింది వాటా

ఇంటర్వ్యూకొచ్చిన అమ్మాయి పేరు తేజోవతి.
ఆంధ్రా యూనివర్సిటీలో సోషల్ వర్క్ పీజీ.
మద్దిలపాలెం నుంచి నడిచొచ్చినట్టుంది,
చున్నీతో మొహం తుడుచుకుంటూ
మేం అడగాల్సింది తనే అడిగేసింది:
"ఇందులో ఎదుగుదల ఉంటుందా మేడం?"

కిటికీ అవతల పెదజాలరిపేట ఎండలో
నెత్తళ్లు ఆరుతున్నాయి.
టీ చెప్పాను.
జవాబు చెప్పలేదు.

నేను చేరినప్పుడు ఈ ఆఫీసు పై వాటాలో ఉండేది.
ఇరవై రెండు మెట్లు.
బీకాం చదివి, నెలకి పద్దెనిమిది వందలకి
లెక్కలు రాయడానికొచ్చాను.
గోడ మీద సంస్థ ఆశయాలు,
ఇంగ్లీషులో, ఫ్రేము కట్టి.
ఉప్పుగాలికి మసకబారేవి, రోజూ తుడిచేదాన్ని.
అంత ఎత్తు నుంచి సముద్రం బాగా కనిపించేది.
మనుషులే, గంపల్లా కనిపించేవారు.

ఒకరోజు మైలపల్లి పోలమ్మ
మోకాళ్లు పట్టుకుంటూ ఎక్కొచ్చింది.
సీతమ్మధార బస్సులోంచి
నీళ్లు కారుతున్నాయని గంపతో సహా దించేశారట.
ఆమె చెబుతుంటే నేను ఫారం తీశాను.
"లబ్ధిదారు పేరు?"
"అదెవులు?" అంది.
"నాకెవులూ ఏటీ ఇవ్వలేదు. దించేసినారు.
ఆ సంగతి రాయి."

ఆ సంగతికి ఫారంలో గడి లేదు.
స్కేలు పెట్టి ఒకటి గీశాను.
అపాయింట్‌మెంట్ లెటర్ అందిన పద్నాలుగు నెలలకి
ఉద్యోగంలో చేరాను.

వాటా అంటే ఇంటి భాగమొక్కటే కాదని
పేటకి ఎప్పుడో తెలుసు.
వలకొక వాటా, పడవకొక వాటా, ఇంజనుకొకటి,
వేటకెళ్లిన మనిషికొకటి.
ఎండబెట్టి, మోసి, అమ్మి,
తెల్లారగట్ల తొంభై అప్పు తెచ్చి
పొద్దుగూకేలోగా వంద కట్టేదానికి ఏ వాటా?
అది అడగడానికే డిపో మేనేజరు గుమ్మం,
వేలంపాట దగ్గర తోపులాట,
నిధులాగిన ఏడాది ఐదు నెలలు జీతాల్లేక
నేను సరెండర్ చేసిన ఎల్ఐసీ పాలసీ.

ఐసు ఫ్యాక్టరీ గేటు ముందు
మావాళ్లు కూర్చున్న రోజు
నేను హైదరాబాదులో, ఏసీ హాల్లో,
నాయకత్వం మీద మాట్లాడుతున్నాను.
శాలువా కప్పారు.
తిరిగొచ్చేసరికి ఐసు ధర దిగింది,
నేను లేకుండానే.
సంతోషం కంటే ముందు కలిగిందేమిటో
ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆ నెల మీటింగులోనే పోలమ్మ లేచింది:
"మేవెక్కలేం. మీరే దిగండి."
బీరువా దింపడానికి నలుగురు,
నన్ను దింపడానికి
పదకొండేళ్లు.

ఇప్పుడు చెక్కు మీద మొదటి సంతకం తెడ్డు కాసులమ్మది.
రెండోది నాది.
ఒకసారి నా ప్రయాణం బిల్లు వెనక్కి పంపింది,
ఆటో ఎందుకెక్కావని.
ఇక్కణ్ణుంచి సముద్రం కనపడదు.
గట్టిగా కొట్టుకునే రోజు వినపడుతుంది.

ఇదంతా ఆ అమ్మాయికి చెప్పొచ్చు.
ఎదుగుదల అనే మాటని తిరగేసి చూపించి
గొప్పగా నవ్వొచ్చు కూడా.
కానీ ఆమె చెప్పుల పట్టీకి పిన్నీసుంది.
బస్సు డబ్బులు మిగుల్చుకున్న మనిషి అడిగిన ప్రశ్న
వేదాంతం కోసం కాదు.

ఇంతలో పోలమ్మ లోపలికొచ్చింది.
గంప గుమ్మంలో దించి,
అమ్మాయిని ఎగాదిగా చూసి,
నా వైపు తిరిగింది:
"ఆ గుంటకి ముందు జీతమెంతో సెప్పేవా?
బేరం తెగకుండా
ఎవులైనా గంప ఎత్తుకుంతారేటి?"