తరుగు

ఆమె తెచ్చిన వైరు పనికిరాలేదు.
ఫోనుకు చార్జింగెక్కింది గానీ
కంప్యూటరు ఎవురూ రాలేదన్నట్టు గమ్మునుండిపోయింది.
"ఇది కూడుపెట్టే వైరమ్మా, మాట్లాడనీదు" అన్నాను.
గంగులమ్మ నవ్వింది.
"మా అత్తగారిల్లు గూడా అట్లాంటిదే, అబ్బోడా."

చిత్తూరు దర్గా సర్కిల్ పక్క సందులో నా షాపు.
జెరాక్సు, లామినేషను, పాసుపోర్టు ఫోటోలు.
తవణంపల్లె బస్సు దిగి నేరుగా వచ్చింది,
గుడ్డసంచి ముడి విప్పి ఫోను తీసింది.
ఆరువేలది, వాయిదాల మీద కొన్నది,
వెనక మూత ఊడకుండా రబ్బరుబ్యాండు,
చార్జింగు రంధ్రం నిండా బెల్లం.
గుండుసూదితో మెల్లగా గీకితే
నల్లగా పెళ్లలు రాలినాయి.
ఒక పెళ్ల నాలిక మీద వేసుకుని
"పోయిన మాఘంలో వండింది" అనింది.

వేలిముద్ర పెడితే ఫోను ఒప్పుకోదంట.
పెనం దగ్గర పాకం పట్టీ పట్టీ
బొటనవేలు నున్నగా అరిగిపోయింది.
అందుకే తొమ్మిది చుక్కలు.
చెయ్యెత్తకుండా సగం ముగ్గు గీసి ఆపేసింది,
తలుపు తెరుచుకుంది.

నా సొరుగులోని వైరు పెట్టినాను.
ఫోను ఒక ప్రశ్న అడిగింది,
గట్టిగా చదివి వినిపించినాను:
ఈ కంప్యూటరును లోపలికి రానివ్వొచ్చా?
నన్ను చూసింది, తెరను చూసింది,
మళ్లీ నన్ను చూసింది.
"ముప్పై ఏండ్లుగా మండీకి తోలతా ఉండా.
రావొచ్చా అని ఒక్కరూ అడగలే."
అడిగినందుకే ఒప్పుకునింది.

బయటికొచ్చినాయి.
పెండ్లిళ్లు లేవు, పాటలు లేవు,
మనవడి మొకం ఒకటి, అదీ కదిలిపోయి,
మిగిలినవన్నీ మూడేండ్ల తూకం చీటీలు.
అక్షరం రాదు కాబట్టి
చేతికొచ్చిన ప్రతి చీటీనీ ఫోటో తీసి పెట్టింది,
తడిసిపోతాదని, ఎలకలు కొడతాయని,
ఊరికే, ఉండనీలే అని.
కొన్నిట్లో చీటీ తలకిందులు.
కొన్నిట్లో సగం ట్రాక్టరు చక్రం.
అన్నిట్లోనూ ఒక మూల, మసకగా, ఆ బొటనవేలు.

ఫోనులో చూస్తే అవి చీమలు.
నా పాత మానిటరు మీద మాత్రం
అంకెలు లేచి నిలబడినాయి.
నేను చదివినాను, ఎక్సెల్ కూడింది,
ఆమె వేళ్ల కణుపుల మీద సరిచూసుకునింది.
క్వింటాలుకు తరుగు రెండు కిలోలని నోటిమాట.
చీటీల్లో మూడు. వాన పడితే మూడున్నర.
ఒక శుక్రవారం నాలుగు.
అరవైమూడు చీటీలకు
రెండువందల పద్నాలుగు కిలోలు
ఎవురింట్లోనో తియ్యగా కరిగిపోయినాయి.

మార్కెట్ యార్డుకు మెయిలు కొడదామన్నాను.
సరిగ్గా అప్పుడే నెట్టు పోయింది,
బయట కాలవకోసం రోడ్డు తవ్వతా ఉన్నారు.
ఫోను సెట్టింగుల్లో వెతికి ఒక మీట జరిపితే
ఆ రెండు గీతల సిగ్నలే
అదే వైరులో వెనక్కి నడిచి
నా కంప్యూటరుకు చేరింది.
ఇందాకటి నుంచి తింటా కూర్చున్నది
ఇప్పుడు పెడతా ఉంది.

"పంపేదా?"
బాణం గుర్తు మీద నా వేలు.
గంగులమ్మ చాలాసేపు మాట్లాడలేదు.
"ఈ ఏటి చెరుకింకా చేన్లోనే ఉండాది.
దానిమీద ఆయప్ప దుడ్లు ముందే ఇచ్చినాడు."
ఇంకాసేపు.
"పంపొద్దులే. కాగితాల మీద తీసియ్యి, అన్నీ.
తీసుకపోయి ఆయప్ప బల్లమీద పెడతా."
"పెట్టి?"
"చదవమంటా."
"నీకు చదవను రాదు గదమ్మా."
"ఆయప్పకొచ్చు గదా."

అరవైమూడు కాగితాలు, ఒక్కొక్కటీ తడిమి లెక్కపెట్టుకునింది.
కొత్త వైరు గూడా కొనింది, నూటముప్పై,
బేరం ఆడలేదు.
మెయిలు ఇంకా నా డ్రాఫ్టుల్లోనే ఉంది,
ఒకరోజు తెరుస్తాను, మూసేస్తాను.
ఆ సాయంత్రం షాపు మూసేటప్పుడు చూస్తే
కీబోర్డు చుట్టూ చీమలు,
రాలిన పోయిన మాఘాన్ని
గింజ గింజగా మోసుకుపోతా.