అద్దంలో ఎడమ చెయ్యి

పంతొమ్మిది చలికాలాలు ఆ జట్టు బస్సు నడిపాను,
ఒక్క ఆటా చూడలేదు.
వాళ్లు ఆడేటప్పుడు నేను పడుకోవాలి,
వాళ్లు పడుకుంటే నేను మేలుకోవాలి.
స్టేడియం వెనకాల, బస్సు కింది నీడలో
అట్టపెట్టె విప్పి పరుచుకుంటే
జనం అరుపే నాకు దుప్పటి.

నాబోర్ బకసేగ్వా బంతి ఎలా విసిరేవాడో
పేపర్లవాళ్లనడగండి.
బస్సెలా ఎక్కేవాడో నన్నడగండి.

గెలిచిన రాత్రి ఎడమ చేత్తో కడ్డీ పట్టుకుని ఎక్కేవాడు.
ఓడిన రాత్రీ ఎడమ చేత్తోనే.
కుడి చెయ్యి ముందుకొచ్చిందంటే
ఆ భుజం లోపల ఏదో మొదలైందన్నమాట.
డాక్టరు కంటే నెల ముందే
తెలిసిపోయేది నాకు, అద్దంలో.

నవొహోవాలో ఎక్కిన మొదటిరోజు పద్దెనిమిదేళ్లు వాడికి.
అన్న బూట్లు, కాగితాలు కుక్కి బిగించినవి.
గుడ్డలో కట్టి తెచ్చుకున్న పల్చటి గోధుమ రొట్టెలు
బస్సంతా పంచేసి
ఖాళీ గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఎడారి గాలి చేతికి తగలకూడదని
కుడి వరసలో కూర్చునేవాడు.
నడవాలోకి వేలాడే ఆ చేతిని
అంత లావు బ్యాటర్లు కూడా
నిద్రపోయే పసిపిల్లని దాటినట్టు దాటేవాళ్లు.

ప్రతి పెట్రోలు బంకులో దిగి ఐసు కొనేవాడు.
తువ్వాల్లో చుట్టి భుజానికి కట్టుకుంటే
కరిగిన నీళ్లు నడవా వెంట పాకి
ఎత్తెక్కేటప్పుడు వెనక్కి పోయి, దిగేటప్పుడు మళ్లీ వచ్చి
తెల్లారేసరికి నా బ్రేకు కింద చేరేవి.
మడమ తడిస్తే, ఏడు ఇన్నింగ్సు వేశాడు.
పొడిగా ఉంటే, రెండోదాంట్లోనే దింపేశారు.
స్కోరు నేనెవర్నీ అడగలేదు.

ఒక ఆగస్టులో ఉత్తరం వాళ్లు పిలిచారట.
పదకొండు రోజులు.
అక్టోబరులో మా బస్సెక్కినప్పుడు
చేతిలో చక్రాల పెట్టె, కొత్తది.
ఎలా ఉందిరా అక్కడ అని అందరూ చుట్టుముడితే
"బంతి జారుతుంది" అన్నాడు, అంతే.
మసత్లాన్ దారిలో, అందరూ గుర్రు పెడుతుంటే,
ముందుకొచ్చి నా పక్క మెట్టు మీద కూర్చుని చెప్పాడు:
"ఒకడు కొట్టాడు ప్రిసిలియానో.
ఆ బంతి ఇంకా కింద పడలేదు."

కబోర్కా దాటాక ఒకసారి రేడియేటరు ఉడికిపోయింది.
అప్పుడే తెల్లారుతోంది. నా తల ఇంజను మూత కింద.
ఎక్కడో టంగుమని రేకు మోగింది.
బయటికొచ్చి చూసేసరికి
రోడ్డవతల కిలోమీటరు బోర్డు ఇంకా వణుకుతోంది,
వాడి చెయ్యి అప్పటికే మోకాలి దగ్గరుంది.
అది ఎవరిదో అన్నట్టు చూసుకుంటున్నాడు.
ఇంకో రాయి ఏరాడు. "వెయ్యనా, చూస్తావా?"
"వద్దురా, రాత్రికి దాచుకో" అన్నాను
పెద్ద కోచ్‌నైనట్టు.

ఆ రాత్రి నా మడమ తడవలేదు.
ఆ తర్వాత రాత్రీ తడవలేదు.
జనవరిలో కాగితం చేతికిచ్చారు.
నవొహోవా కూడలిలో, మూడున్నరకి,
చక్రాల పెట్టెని కంకర మీద ఈడ్చలేక
ఎత్తుకుని దిగాడు, కుడి చేత్తో.
ఇండికేటరు వేసి కాసేపాగాను.
వెనకనుంచి లారీ హారను కొట్టింది.

ఇప్పుడు యవారోస్ రేవులో
రొయ్యల పడవలకి ఐసు అమ్ముతాడు.
మొన్న వెళ్లాను, కుంటుకుంటూ.
"ఏ మోకాలు?"
"ఎడమది. క్లచ్చు."
పగలబడి నవ్వాడు, దగ్గొచ్చేదాకా.
దిమ్మ పగలగొట్టి, ముక్కలేరి, తువ్వాల్లో చుట్టి
తనే కట్టాడు. డబ్బులు తీసుకోలేదు.

తిరుగు బస్సులో వెనక సీటు దొరికింది.
మోకాలి నుంచి నీళ్లు కారి
నడవాలో సన్నగా దారి చేసుకుంటున్నాయి.
ఎవరో కుర్రాడు నడుపుతున్నాడు, రేడియో పెట్టుకుని.
వాడి మడమ కేసే చూస్తూ
కూర్చున్నాను.